తగిలిందా

లియోన్‌లో ప్రతి మూడో వాకిట్లో తోలు వాసన.
యాభై రెండేళ్ళు ఆ ఊరికి బూట్లు కుట్టిన ఎపిఫానియో
తన బూటు విప్పడానికి సిగ్గుపడుతూ
నా ముందు కూర్చున్నాడు.

చీల ఇంకా లోపలే ఉంది.
తన సుత్తితో తనే కొట్టింది.
ఎప్పటినుంచి? అన్నాను.
మంగళవారం మేజోడు తడిగా ఉంటే
వాన అనుకున్నాను, అన్నాడు.
మార్చిలో మాకు వానల్లేవు.

కళ్ళు మూసుకోమని
నైలాన్ పోగు వంగేదాకా బొటనవేలికి ఆనించాను.
తగిలిందా?
తగిలింది, అన్నాడు.
చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ తాకకుండా అడిగాను.
తగిలిందమ్మా, అన్నాడు మళ్ళీ,
మర్యాదకి.

నడుము దగ్గర బయల్దేరి వేలి కొసదాకా
ఎక్కడా ముడి లేని ఒక్కటే పోగు,
వెంట్రుకని యాభై పాయలు చేస్తే అందులో ఒక పాయ.
దానికి తిండి మోసే సన్న నాళాల్లో
ఏళ్ళ తరబడి తీపి పాకం పట్టింది.
పొడుగు దారమే ముందు పీచుపోతుంది.
అది మాత్రం నేనతనికి చెప్పక్కర్లేదు.

మొదట్లో రాత్రిళ్ళు చీమలు పాకేవట.
తర్వాత నిప్పులు.
దుప్పటి అంచు తగిలినా కేకలు పెట్టేవాడని
ఎదువిహెస్ అతని పాదాల మీద
బూట్ల అట్టపెట్టె బోర్లించి పడుకోబెట్టేదట.
గాయం లేదు, వాపు లేదు.
పోయే ముందు నరం
లేని మంటకి ఊరంతా లేపింది.

తర్వాత ఒక వారం హాయిగా నిద్రపట్టింది.
తగ్గిపోయిందని ఇద్దరూ గుడికి వెళ్ళి
మరియమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించొచ్చారు.

ఆ కొవ్వొత్తి గురించి నేనేం మాట్లాడను?
చీల పీకాను. పుండు కడిగాను. ఎముక కనబడలేదు,
అది నాకు చాలు.
అంతసేపూ అతను కిటికీలోంచి
జామపళ్ళ బండి వైపు చూస్తున్నాడు.
చీమ కుట్టినట్టయినా లేదు.

రోజూ పొద్దున్నే బూటులో చెయ్యిపెట్టి తడమండి, అన్నాను.
కుడిచెయ్యి ఎత్తి వేళ్ళ కొసల్ని
ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.
ఏమీ అనలేదు.

కాసేపటికి బూటులోంచి లోపలి అట్ట ఊడదీశాడు.
యాభై రెండేళ్ళు చీలలు కరిచిపట్టుకున్న పెదవి అది.
దాని మీద మడమ నుంచి ముందుకి
మెల్లగా అట్టని జరిపాడు, కళ్ళు తనే మూసుకుని.

ఆగాడు.
ఇక్కడ, అన్నాడు.
ఇంకొకటుంది.