కర్త లేని వాక్యం

లేవార్డెన్ సివిల్ కోర్టులో
ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే,
నోట వచ్చిన మాటను కాగితం మీద పెట్టడం.
హద్దు తగాదాలు, కారే పైకప్పులు, కుక్క కాట్లు
అన్నింటికీ ఒక కర్త దొరికేవాడు.
ఎవడో తవ్వాడు, ఎవడో కట్టెయ్యడం మరిచాడు.

ఈ గురువారం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

"తెల్లవారుజామున నాలుగూ పదికి
పశువుల కొట్టంలో
చేర్డ్ అనే పాలేరు ఎడమకాలు..."
ఆ తర్వాత?
విరిగింది అంటే దానంతటదే విరిగినట్టుంటుంది.
విరిచింది అంటే
ఏది అని అడుగుతుంది వాక్యం.

పీపా అంత గుండ్రటి యంత్రం.
ఆవుల ముందు చెదిరిన గడ్డిని
రాత్రంతా తిరుగుతూ దగ్గరికి నెడుతుంది.
బౌక్యే మనవలు దానికి రెండు కళ్లు గీసి
పీట్ అని పేరు పెట్టారు.
ఆ కళ్లతో అది చూడదు.
చూసేది అడుగున ఉన్న నల్లటి గాజు పట్టీ,
దాని మీద ఆ రాత్రి ఎండిన పేడ.

పేడ తుడవాల్సింది యజమానురాలు, అన్నాడు తయారీదారు వకీలు.
తుడవమని మోగే గంటను
ముందురోజు అప్‌డేట్‌లో తీసేశారుగా, అంది బౌక్యే.
అప్‌డేట్ మాది కాదు, ఐండ్‌హోవెన్‌లో ఒక చిన్న కంపెనీది.
ఆ కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు
టై కొస నలుపుతూ లేచాడు:
"మేం తీసెయ్యలేదండీ.
గంట అక్కర్లేదని అదే నేర్చుకుంది."

హాలంతా నెమరు ఆపిన మందలా అయింది.

ఎద్దు పొడిస్తే చట్టం తడుముకోదు.
ఎద్దుకు బుద్ధుందా అని ఏనాడూ అడగలేదు,
పగ్గం ఎవరి చేతిలో ఉందని అడిగింది, అంతే.
గోడ కూలినప్పుడు ఇటుకను బోనెక్కించలేదు.
ఇది ఎద్దూ కాదు, ఇటుకా కాదు,
నెలనెలా చందా కట్టించుకునే వస్తువు.
పగ్గం మూడు ఊళ్లలో, మూడు చేతుల్లో,
ఎవరి కొస వాళ్లు వదులుగా పట్టుకుని.

బీమా వాళ్ల వకీలుది సన్నటి గొంతు:
"దాన్నే ఒక వ్యక్తిగా గుర్తిస్తే?
దాని పేరనే ఖాతా, ఖాతాలో కాస్త సొమ్ము.
తప్పూ దానిదే, చెల్లింపూ దానిదే."
జడ్జి వీలింగా గారు కళ్లజోడు తీశారు.
"చెల్లించాక దానికి ఏం తగ్గుతుంది?"
వకీలు కాగితాలు తిరగేశాడు.
నేను రాసుకున్నాను: జవాబు లేదు.

ఏమైనా చెప్పుకుంటావా అని చేర్డ్‌ను అడిగారు.
చంకకర్రలు బల్లకు ఆనించి
తన ఫ్రిజియన్‌లోనే మొదలుపెట్టాడు.
"అది తగలగానే, అయ్యో, క్షమించు అన్నాను.
నేను. దానికి.
కాలు కన్నా అదే ఎక్కువ సలుపుతోంది."
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
అతనూ నవ్వాడు, సగం.

ఆ మాట రికార్డులోకి ఎక్కించాలా?
సాక్ష్యం కాదు.
నష్టపరిహారం పట్టికలో దానికో గడి లేదు.

తీర్పు నవంబరుకి వాయిదా.
అంతవరకు ఆసుపత్రి ఖర్చు ముగ్గురూ తలా ఒక వంతు,
యంత్రం లోపలి చిట్టాను ఎవరూ చెరపకూడదు.
పదకొండు వేల వరుసల చిట్టా. చదివాను.
నాలుగూ తొమ్మిది, అడ్డం: ఏమీ లేదు.
నాలుగూ పది, అడ్డం: ఏమీ లేదు.
నాలుగూ పదకొండు, అడ్డం: ఏమీ లేదు.

అందరూ వెళ్లాక
చేర్డ్ మాటను రాశాను, 'నేను'తో సహా.
ఆ రోజంతటిలో
తడుముకోకుండా రాసింది అదొక్కటే.

మొదటి వాక్యంలో ఆ జాగా ఇంకా ఖాళీ.
పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి
సైకిల్ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాను.