అందింది

చర్చి నేలమాళిగలో
నూనె వాసన ఇంకా పోలేదు.
బయట మిసిసిపీ డెల్టా చీకటి, పత్తిచేల మీద.
నూట నలభై ప్లేట్లు, ప్లేటు తొమ్మిది డాలర్లు,
మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన చేప.
కోశాధికారిని నేను,
వేలు తడి చేసుకుని లెక్కపెడుతున్నాను.

ఒడెస్సా గారి కాఫీ డబ్బా గుమ్మరిస్తే
అంతా చిల్లర,
ఒక చొక్కా గుండీ.

"ఎర్రటి దద్దుర్లు కనిపిస్తే తీసుకురమ్మన్నారు.
మావాడి ఒంటిమీద ఎరుపెలా ఉంటుందో
ఎవరూ చెప్పలేదు.
టార్చి వేసి మూడు రాత్రులు వెతికాను"
అంది, ఎవర్నీ తిట్టకుండా.
ఆ గుండీ ఎవరిదని నేనడగలేదు.

మూకుడు తోముతున్న ట్రెనీస్ చెయ్యి ఆగింది.
నర్సింగ్ రెండో ఏడు.
దాని పుస్తకం నిండా గులాబీ చేతులే.
ఒక పేజీ అంచున మాత్రం
పెన్సిలుతో తన మోచెయ్యే గీసుకుంది,
దద్దురు ఉండాల్సిన చోట
ఊదా రంగు రుద్ది, పక్కన ప్రశ్నార్థకం.

ఫీజుకింకా నాలుగు వేలు తక్కువ.
వచ్చే శనివారం మళ్లీ చేపలే.

గుండీని పక్కన పెట్టాను.
మనసొప్పక
మళ్లీ డబ్బులో కలిపాను.
రసీదు మీద అంకె వేశాక
కింద ఇంకో గీత ఖాళీగా ఉంటే
"అందింది" అని రాశాను.