వెన్నెల డబ్బా

వాళ్ళ ముఖాలు నాకు తెలియవు.
కెమెరా తెరిస్తే బండిల్ కరిగిపోతుందని
మ్ఫాంగానో దీవి పిల్లలు
పదకొండు నల్లని గళ్ళుగా వచ్చి కూర్చుంటారు.
ఒగుటు గడిలో కోడి కూస్తుంది.
అదికిని గడిలో ఎప్పుడూ సరస్సే.

నేను కిసుములో, మూడో అంతస్తులో,
గిరాకీ, సరఫరా అని రెండు గీతలు గీయబోయి
ఆగిపోయి, ఒక ప్రశ్న పంపాను:
"మీ రేవులో ఒమేనా చేపల ధర
ఎప్పుడు పెరుగుతుంది? పోయి అడగండి.
జవాబు నా దగ్గర లేదు."
కాస్త ఉంది. నాలుక కింద దాచుకున్నాను.
తెలిసిందాన్ని చెప్పకుండా ఉండటమే
ఇన్నేళ్ళకి నేను నేర్చుకుంటున్న పాఠం.

నెల తిరిగాక ఒగుటు గొంతు, గాలికి చిరుగుతూ:
"మిస్, మా ఊళ్ళో ధర పెంచేది చందమామ."
ఎవరో కిసుక్కున నవ్వారు.
"నవ్వకండి, ఇరవై ఎనిమిది రాత్రులు రాశాను.
చీకట్లో పడవ మీద లాంతరు పెడితే
చేపలు ఆ వెలుగు చుట్టూ మూగుతాయి.
పున్నమికి సరస్సంతా లాంతరే,
మా దీపాన్ని ఇంకెవరు లెక్కచేస్తారు?
పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటాయి,
అప్పుడు డబ్బా ధర..."
లైను తెగింది.
మిగిలిన మాటని పది గళ్ళూ కలిసి పూర్తిచేశాయి.
నేను గీయని గీత
ఎక్కడో నీళ్ళ మీద గుండ్రంగా లేచింది.

అదికిని ఒప్పుకోలేదు.
"మా అమ్మ ఒక్క షిల్లింగు పెంచదు.
పున్నమైనా అమాసైనా అదే ధర, అదే డబ్బా."
"మరి ఎలా గిట్టుతుంది?" అన్నాను.
అంతే. అంతకు మించి ఏమీ అనలేదు, నిజం.

ఆ పిల్ల అర లీటరు సీసా పట్టుకుని
రేవులో ఉన్న కొలడబ్బాలన్నిటిలో
నీళ్ళు పోసి చూసిందట.
కొన్నిటికి నాలుగు సీసాలు పట్టాయి.
కొన్నిటికి మూడున్నర.
ఒకదానికి మూడూ, ఒక గుక్కెడూ.

"మిస్, అమ్మకి రెండు డబ్బాలున్నాయి.
ఒకటి చీకటి డబ్బా, ఒకటి వెన్నెల డబ్బా.
రెండోదానికి అడుగున సొట్ట, లోపలికి,
సుత్తితో కొట్టింది నాన్న.
పైన గుప్పెడు కొసరు వేస్తుంది అమ్మ.
కొన్నవాళ్ళు చేయి పచ్చగా ఉండాలని దీవించి పోతారు."
కాసేపు అలల చప్పుడు.
"పట్టికలో అమ్మ పేరు రాయాలా?"

స్క్రీన్ మీద నా ముఖం ఒక్కటే వెలుగుతోంది.
మైకు ఆపుకుందామా అనుకున్నాను.
నా దగ్గరున్న పుస్తకాల్లో
ఈ ప్రశ్నకి పేజీ లేదు.

ఏడాదంతా పెదవి విప్పని నెరిమా
అప్పుడు మాట్లాడింది, మెల్లగా,
పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు:
"లాంతర్లు అద్దెకిచ్చే ఆయన డబ్బా
ఎవరైనా కొలిచారా?
పడవ ఎవరిదో ఆయన వాటా?
అమ్మ డబ్బాకి సొట్ట పడకముందు
ఎవరి సుత్తి ఎవరి మీద పడింది?"

పదకొండు మైకులూ ఒక్కసారి తెరుచుకున్నాయి.
కోళ్ళు, అలలు, ఎవరి ఇంట్లోనో రేడియో,
వంతులేసుకుంటున్న గొంతులు.
నువ్వు లాంతర్లాయన దగ్గరికి, నేను పడవలాయన దగ్గరికి.
పేర్లు రాయాలా వద్దా అన్నది తేలనేలేదు.
నన్ను ఎవరూ అడగలేదు కూడా.

ఆ సాయంత్రం బజారులో
బీన్స్ కొంటూ, అలవాటు లేని పనిగా
డబ్బా అడుగున వేళ్ళు పెట్టి తడిమాను.
అమ్మే ఆవిడ నా కళ్ళలోకి చూసింది.
నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక
తలెత్తి ఆకాశంలో ఎంత చంద్రుడున్నాడో చూశాను.
కొసరు వద్దన్నాను. వేసింది.

పొద్దున్నే ఒగుటు సందేశం:
"మిస్, ఈ వారం ప్రశ్న మేమే పంపుతున్నాం.
అదే ఇరవై షిల్లింగుల బండిల్
పోయినేడు మూడు పాఠాలు వచ్చేది.
ఇప్పుడు రెండో పాఠం మధ్యలో మీరు ఆగిపోతున్నారు.
వేళ్ళు పెట్టి తడుముదామంటే
దానికి అడుగు ఎక్కడుంటుంది?"