లైన్ క్లియర్

గుణుపురం బండి వెళ్ళిపోయాక
పర్లాకిమిడి స్టేషన్లో చివరి బెంచీ మా ఇద్దరిదీ.
నేను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి.
సాసుబిల్లి కర్రెన్న చిన్న లైను ఉన్నన్నాళ్ళూ పాయింట్స్‌మన్.
మధ్యలో వేయించిన శనగల పొట్లం,
నా ఒళ్ళో
వందేళ్ళ కిందటి యుద్ధం.

"ఇంతకీ ముందు ఎవుడు మొదలెట్టినాడండి?"
రోజూ ఇదే అడుగుతాడు,
కొళాయి కాడ తగువు గురించి అడిగినట్టు.

ఒకాయన పదేళ్ళు పాత కాగితాల పెట్టెలు తవ్వి
నేరమంతా జర్మనీదే అన్నాడు.
ఇంకొకాయన అలాంటి పెట్టెలే తవ్వి
రష్యా ముందు దండు లేపింది, అది చూడండి అన్నాడు.
మరొకాయనకి దోషే దొరకలేదు,
అందరూ ఒకే బురదలో జారారట
ఒకడి పంచె ఒకడు పట్టుకుని.
సరయేవోలో కారు డ్రైవరు తప్పు సందులోకి తిప్పాడు.
ఆ సందు మొగలో తుపాకీ కుర్రాడు రొట్టె తింటున్నాడని కొందరంటారు గానీ
అది తర్వాతెవరో కాల్చిన రొట్టె.

కర్రెన్న నవ్వడు.
డ్రైవరు అన్న మాట దగ్గర
శనగ పొట్టు ఊదడం ఆపేస్తాడు.

అతనికి నచ్చింది ఒక్కటే, టైంటేబుల్.
పదకొండు వేల రైళ్ళు,
నిమిషాల లెక్కన ముందే గీసిపెట్టిన గీతలు.
ఆఖరి సాయంత్రం చక్రవర్తి
పడమటికి పోయే దండుని తూర్పుకి తిప్పమంటే
సేనాని మొహం పాలిపోయి వల్లకాదన్నాడు.
"మరేటి! సీటీ సేతికిచ్చీసినాక బండి ఆగుతాదా?"
తొడ చరుస్తాడు.
ఈ పేజీ నాచేత ఎన్నిసార్లు చదివించాడో.

ఆ చీటీ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.
డెబ్బై ఎనిమిదిలో ఒక వాన రాత్రి.
కాశీనగరం అవతల కట్ట కరిగి
చిన్న బండి పొలంలోకి ఒరిగింది.
ఫైర్‌మన్ ఒకడు,
చింతపండు గంపతో ఒక సవర ముసలమ్మ.
ఎంక్వయిరీ మూడు భాషల్లో జరిగింది.
డ్రైవరు వాన అన్నాడు.
గార్డు డ్రైవరన్నాడు.
స్టేషన్‌మాస్టరు ఒడియాలో రూలు నంబరు చెప్పాడు.
కట్ట పుచ్చిందని వేసవిలోనే చెప్పానన్నాడు గ్యాంగ్‌మన్,
ఎవరికి చెప్పాడో గుర్తులేదు.
నీళ్ళ చప్పుడు విని కూడా
బెత్తపు చట్రంలో చీటీ అందించిన చెయ్యి
వేలిముద్ర వేసి ఇంటికొచ్చింది.

ఇవాళ ఆ తర్వాతి పేజీ వచ్చింది.
మడిచేద్దామనుకున్నాను.
యుద్ధం అయిపోయాక
ఆ దేశపు రైల్వే అధికారే ఒకాయన
శాఖ పరువు పోయిందని పట్టుదలగా కూర్చుని
పటాలు వేసి అంకెలు కట్టి రాశాడు:
తిప్పగలిగేవాళ్ళమే.

చదివేశాను.
క్లాసులో చదివినట్టే చదివాను,
ఆ గొంతుకి నాకే సిగ్గేసింది.

పట్టాల మధ్య కుక్క ఒకటి ఏదో వాసన చూసి వెళ్ళింది.
పాతపట్నం వైపు సిగ్నలు రంగు మారింది, ఏ బండీ లేకుండానే.

"లాంతరుంది," అన్నాడు చాలాసేపటికి.
"ఎర్రద్దం ఆ లాంతర్లోనే ఉంటాది మాస్టారూ.
ఇలాగ తిప్పితే సాలు."
మణికట్టు తిప్పి చూపించాడు.
కొళాయి కట్టేసినంత పని.

పొట్లం కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో దోపుకున్నాడు, పారెయ్యకుండా.
లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.
"ఆ ఆపీసరుకి
రాత్రులు నిద్రట్టీదా?"

వెనక్కి తిప్పి చూశాను,
పుస్తకం చివర పేర్ల పట్టిక దాకా.
అది రాయలేదు.