కాలరు లోపలి కుట్టు

సావొ పావ్లోలో, బోం రెతీరో పేటలో మా బడి.
కిటికీ తీస్తే ఎండ కంటే ముందు
కుట్టుమిషన్ల రొద లోపలికొస్తుంది.
పన్నెండేళ్లుగా ఆ రొద మీదుగానే
భిన్నాలు చెబుతున్నాను.
గొంతు పెంచడం అలవాటైంది,
చెవి పెట్టడం కాలేదు.

ఆ మంగళవారం బోర్డు మీద చొక్కా గీశాను.
కొట్లో ధర నలభై.
కుట్టిన చేతికి ఒకటిన్నర.
మిగతాది ఎవరి జేబులోకి? కట్టండి లెక్క.

ఉడుకు రక్తాలు.
కవాన్ బల్ల గుద్దాడు:
"పోలీసులకు చెబుదాం టీచర్!"
జాందిరా అట్టముక్క మీద
ఎర్రెర్రగా అక్షరాలు దిద్దింది.
పాఠం పండిందనుకున్నాను.

వెనక బెంచీలో నైరా మాత్రం
తన యూనిఫాం కాలరు తిరగేసి చూసుకుంటోంది.
బొలీవియా కొండల పిల్ల, మాట పొదుపు.
"ఇది మా అమ్మ కుట్టు.
మూల తిరిగేచోట రెండు పోట్లు ఎక్కువేస్తుంది,
పిగలకుండా.
ఆ రెండింటికీ డబ్బులివ్వరు."

ముప్పై ఒక్క చేతులు
మెడల వెనక్కి వెళ్లాయి.
రెండు పోట్లు.
అందరికీ ఉన్నాయి.

"పోలీసులొస్తే మిషన్లకు తాళమేస్తారు.
మేం పడుకునేది వాటి కిందే."

ఆ అంకె
నా లెక్కలో లేదు.

తరవాతి వారం నేను పాఠం చెప్పలేదు.
దోన్యా ఫెలిసా మెట్లెక్కి వచ్చింది,
జుట్టులో నూలు పీచు,
వీపున రంగుల గుడ్డలో నిద్రపోతున్న పసివాడు.
పిల్లల కుర్చీలో ఒదిగి కూర్చుంది.
"మా బదులు అరవకండి.
ఏం కావాలో ముందు మమ్మల్నే అడగండి."

కవాన్ తల వంచి రాసుకున్నాడు:
తెరుచుకునే కిటికీ.
తలుపు గడియ లోపలివైపు.
ముక్కకి మూడు
(అని, సిగ్గుపడి, కాసేపాగి,
"మూడున్నర" అంది).
ఆదివారం.
ఆదివారం ఏంటని ఎవరూ అడగలేదు.

జాందిరా కొత్త అట్ట తీసింది.
ఈసారి నీలం రంగు, నెమ్మది రాత.
మా చొక్కాలు ఎవరు కుట్టారో మాకు తెలుసు.
ఎంతిచ్చారో మీరు చెప్పండి.
వచ్చే ఏటి బట్టల బేరం కుదిరేరోజు
కుట్టినవాళ్లకీ ఆ బల్ల దగ్గర కుర్చీ వెయ్యండి.

కింద ముప్పై రెండు సంతకాలు.
ముప్పై మూడోది నాది.
ఉద్యోగం గుర్తొచ్చి
చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం.
పిల్లలు చూడనట్టే చూశారు.

కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు.
రేపు మళ్లీ వెళ్తారట, అందరూ,
కాలర్లు తిరగేసుకుని.

ఇవాళ లెక్కల మధ్యలో
ఉన్నట్టుండి రొద ఆగింది.
పెన్నులన్నీ ఆగాయి.
"దారం మారుస్తున్నారు" అంది నైరా,
తల ఎత్తకుండానే.

మళ్లీ మొదలయ్యేదాకా
భిన్నాలు ఆగాయి.