లోతెంత

బేగంపేటలో రెండో అంతస్తు, కిటికీ లేని గది.
గోడంతా సముద్రం.
ఫ్లెక్సీ మీద అచ్చుకొట్టిన నీలం,
కింది మూల చెమ్మకు ఉబ్బి, ఊడి
వెనకున్న సున్నం కనిపిస్తుంది.

ఆ నీలానికి వీపు ఆనించి
ఏడేళ్ళుగా ఫోన్లో ఒకటే చెబుతున్నాను:
"పొద్దున ఎనిమిదికి హోటల్ దగ్గర పికప్ అండీ,
గైడ్ ఉంటాడు, గంటన్నర పడవ,
మడుగులో నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున పగడాలు కనబడతాయి,
భోజనం మాదే, తువ్వాలు మీరే తెచ్చుకోవాలి."
నేనెక్కిన పడవ ఒక్కటీ లేదు.
వానాకాలం మా గల్లీలో గడప దాకా వచ్చినవే
నేను చూసిన మడుగు.

ఆయన మొదట ఫోన్ చేసింది ఒక బేస్తవారం.
పేరు గుండెబోయిన అంజిలయ్య.
రేటు అడగలేదు.
"బిడ్డా, ఆ నీళ్ళు యాడికెళ్ళి వస్తయి? యాడికి పోతయి?"
తెలీదన్నాను.
"లోతెంత?"
బ్రోచర్ అటూ ఇటూ తిరగేశాను.
ఫొటోలున్నాయి, పన్నులు అదనమని ఉంది,
లోతు లేదు.

మళ్ళీ బేస్తవారం, మళ్ళీ అదే ప్రశ్న.
నాలుగో వారానికి తెలిసింది,
జలమండలిలో ముప్పై ఒక్కేళ్ళు వాల్వ్ తిప్పిన మనిషని.
రోజు విడిచి రోజు, తెల్లారగట్ల నాలుగింటికి,
నిలువెత్తు ఇనుప చెవి సైకిల్‌కు కట్టుకొచ్చి
రోడ్డు మీద మూత ఎత్తి, గుంతలోకి వంగి
నలభై గల్లీల బిందెలు నింపినవాడు.
"నీళ్ళు పండుకొని ఉండంగ ఎన్నడు సూడలే బిడ్డా.
కాళ్ళ కింద ఉరుకుతుంటె ఇన్న, గంతే."

పాస్‌పోర్ట్ ఉందా అనడిగాను.
చాలాసేపు నవ్వాడు.
"ఈ ఐతారం ఖాళీయేనా? నేనే గైడ్‌ను.
బువ్వ నాదే. తువ్వాల మీరు తెచ్చుకోన్రి."

దుర్గం చెరువు గేటు దగ్గర
ఇస్త్రీ ఖాకీ చొక్కా, చంకలో స్టీలు టిఫిను.
నేను, మా టికెటింగ్ రుఖియా, ఆమె ఆరేళ్ళ జుహైబ్.
ఎవరి చెమటో ఇంకా ఆరని నారింజ జాకెట్లు.
పిల్లాడి బకిల్ రెండుసార్లు లాగి చూశాడు
వాల్వ్ కట్టేసి చూసుకున్నట్టు.

పడవ కదిలింది.
డీజిల్ వాసన. దాని కింద ఇంకో వాసన,
అందరికీ తెలిసీ ఎవరూ అననిది.
ఒక పక్క బండలు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు,
ఒక పక్క అద్దాల మేడలు,
నెత్తిమీద తీగల వంతెన.
అలవాటైన నోరు ఊరుకోదు కదా, అనేశాను:
"మీ కుడిచేతి పక్క పగడపు దిబ్బలండీ!"
రుఖియా పడీ పడీ నవ్వింది.
అక్కడ గుర్రపుడెక్క, దాని మీద ఒక కొంగ
డ్యూటీ దిగని వాచ్‌మన్‌లా.

గైడ్ గొంతు సవరించుకున్నాడు.
"గోలుకొండ కోటకు తాగే నీళ్ళు ఈడికెళ్ళే పోయినయంట.
గప్పుడు గూడ ఎవడో ఒకడు తెల్లారగట్ల లేసే ఉంటడు.
వాని పేరు ఏ రాయి మీద లేదు."
కాసేపాగి, "ఎందుకు లే. నీళ్ళొచ్చినయి కదా" అన్నాడు.

చెరువు నడుమ ఇంజన్ ఆగిపోయింది.
పడవ కుర్రాడు తాడు లాగుతున్నాడు, అది దగ్గుతోంది.
అంజిలయ్య వంగి, అరచెయ్యి
నీళ్ళలో ముంచలేదు, నీళ్ళ మీద పెట్టాడు,
జొరమొచ్చిన పిల్ల వీపు మీద పెట్టినట్టు.
"పండుకున్నయి" అన్నాడు, మెల్లగా.

"కిత్నా గెహ్రా హై, దాదా?"
ఆ మాట కోసమే వచ్చినవాడిలా
జేబులోంచి నవారు తాడు తీశాడు,
కొసన పాత వాల్వ్ నట్టు, మూరకో ముడి.
పిల్లాడు ఏక్, దో అంటున్నాడు,
ఆయన ఒకటి, రెండు.
పదకొండు దగ్గర ఇద్దరూ ఆగారు.
చేతిలో తాడు లేదు, కొస వేలికి చుట్టుకుని ఉంది.
"తాడైపోయింది" అన్నాడు పిల్లాడితో.
"నీళ్ళైపోలే."

ఒడ్డున సర్వపిండి తిన్నాం. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాం.

సోమవారం, నీలానికి వీపు పెట్టి,
ఫోన్ మోగేలోపు, బ్రోచర్ అంచున పెన్సిల్‌తో రాశాను:
లోతు పదకొండు మూరలు.
ఆపైన తాడు లేదు.