చివరి ఉకారం

బొమ్మనహళ్ళిలో మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే ఫ్లైఓవరు, మూస్తే నా గొంతు.
ఇరవై ఏడు నాలుకలు నా చేతికిచ్చి
ఆరు వారాల్లో నున్నగా చేసిమ్మన్నారు.
ఎక్కడో దూరదేశంలో
పంటినొప్పితో ఫోన్ చేసేవాడికి
డాక్టరు ఎప్పుడుంటాడో చెప్పే ఉద్యోగం.
మనం ఎక్కడివాళ్ళమో
ఆ పంటికి తెలియకూడదు.

మొదటి రోజు అందరి గొంతులూ రికార్డు చేస్తాను.
"గుడ్డు మార్నింగు" అంది మడకశిర నవనీత.
వెనక వరసలో ఎవరో కోడిపెట్టలా అరిచారు.
నేనూ నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.

చివర ఆ ఉకారం తీసెయ్యండి, అన్నాను.
బస్సు కాదు, బస్. లైటు కాదు, లైట్.
తలుపు దగ్గరగా వేసినట్టు కాదు,
గడియ పడినట్టు ఆగాలి మాట.
నవనీత ఆగింది.
ఆగి, ఇంకా ఎవరో లోపలికి రావాలన్నట్టు
నోరు కొంచెం తెరిచే ఉంచింది.

నోటి ముందు టిష్యూ కాగితం పట్టుకుని
పేపర్, పేషెంట్, పార్కింగ్.
కాగితం ఎగరాలి. ఎగరదు.
బళ్ళో ఉన్న ఒత్తు పలకలేదని
తొడపాశం తిన్న పిల్లలు,
లేని ఒత్తు పెట్టమంటే
నన్ను అనుమానంగా చూశారు.

డబ్ల్యూకి పెదాలు సున్నా చుట్టాలి.
"ఊదుగొట్టం పట్టినట్టా మేడం?"
అవును, అలాగే. వాటర్. విండో.
వీకి మాత్రం పైపళ్ళు కింది పెదవిని తాకాలి.
మన వకారం ఆ రెంటికీ నడుమ
గట్టు మీద పోయే మనిషి.
అటు దిగమన్నా ఇటు దిగమన్నా
కాళ్ళకి బురదే.
సాయంత్రం ఆరు దాటితే
నేనూ ఆ గట్టు మీదే నడుస్తాను,
ఎవరూ చూడకుండా.

జెడ్ ఎంతకీ రాలేదు.
హిందూపురం షాహీనాకి ఇంట్లోనే ఉంది ఆ శబ్దం,
నమాజులో, బజారులో.
"జున్ను అనవే" అంది నవనీతతో.
జున్ను.
"జడ. జొన్నరొట్టె. జామకాయ.
నాలుక ఎక్కడుందో చూసుకున్నావా?
ఇంకాస్త వదులు చెయ్యి, గాలిని జారనీ."
"జీరో" అంది నవనీత.
గదంతా చప్పట్లు కొట్టింది,
సున్నాకి.

ఒకటి మాత్రం నాకు నేర్పడం రాలేదు.
మాటలో ఒక్క అక్షరం మీద బరువంతా వేసి
తక్కినవి మింగెయ్యాలి.
మనకది చేతకాదు.
బంతిలో కూచున్నాక
పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ ఒకే విస్తరి.
కం, ఫర్, ట, బుల్ అని
వరసగా వడ్డించుకుంటూ పోయారు.
నేను గడియారం చూస్తూ కూచున్నాను.

ఆరో వారం. నవనీతకి ఎనభై ఎనిమిది మార్కులు.
రూలు ప్రకారం పాత రికార్డులు చెరిపెయ్యాలి.
చెరిపేముందు ఆమెది ఆమెకే వినిపించాను.
చెవులకి పెట్టుకుని రెండుసార్లు విన్నది.
"ఎవరో మంచిమనిషిలా ఉంది మేడం."
చెరిపెయ్యనా?
"ఉండనీండి. ఏమడిగింది పాపం,
గుడ్డు మార్నింగే కదా."

రాత్రి బస్సు సిల్కుబోర్డు దగ్గర ఇరుక్కుంది.
కండక్టరు పాసు పాసు అంటున్నాడు,
స్టాపు కాదు, డోరు తియ్యను, లేటు, బ్రేకు.
కన్నడంలో, తెలుగులో, రెండూ కలిసిపోయినదాంట్లో
ఊరంతా ఆ ఉకారమే.
పొద్దున్నించీ నేను కత్తిరించినవన్నీ
దర్జీ మిషను కింద పీలికల్లా
ఇక్కడ పోగుపడి ఉన్నాయి.
ఎవరైనా ఏరుకుంటే బొంతవుతుంది.

ఎక్కడ దిగుతావని అడిగింది
కిటికీ పక్క ముసలావిడ.
"మార్కెట్" అన్నాను,
శుభ్రంగా, గడియ పడినట్టు.
ఆవిడకి అందలేదు. చెవి దగ్గరికి తెచ్చింది.
"మార్కెట్టు."
"ఆఁ" అంది,
సంచి ఒళ్ళోకి తీసుకుని
నాకు చోటిస్తూ.